తుపాకికే జ్వరం

ఫిజిక్సు పాఠాలు చెప్పుకుని బతికినవాడికి రిటైరయ్యాక ఒక జబ్బు పట్టుకుంటుంది. వినేవాళ్లు ఉండరు, చెప్పాల్సింది మాత్రం గొంతులో అలాగే ఉండిపోతుంది. నాకు ఆ జబ్బు బాగా ముదిరింది. మా అగ్రహారంలో కిరాణా కొట్టు దగ్గరా, సెలూన్లోనూ, టీ బడ్డీ దగ్గరా ఎవరు దొరికితే వాళ్లకి చెప్పేవాణ్ణి. గోదావరి మనుషులు మర్యాదస్తులు. "ఆయ్, అలాగాండీ" అంటూ వింటారు. ఆ "ఆయ్"ని నేను మెప్పు కింద జమ కట్టుకోవడం నా మూర్ఖత్వాల్లో మొదటిది.

మాది యానాం. నాలుగువైపులా ఆంధ్ర, పెత్తనం పుదుచ్చేరిది. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడి. బంగాళాఖాతంలో కలవబోతున్న గౌతమి ఒడ్డున ఉంటాం. ఇదే బంగాళాఖాతం ఒడ్డున పైకి వెళితే ఒడిశాలో అబ్దుల్ కలాం దీవి వస్తుంది, మన క్షిపణుల్ని పరీక్షించే చోటు. సముద్రం ఒకటే కదాని ఆ దీవిలో ఏం జరిగినా మా వీధిలో జరిగినట్టే మాట్లాడేవాణ్ణి.

2019 మార్చి 27న అక్కణ్ణుంచి ఒక క్షిపణి లేచి, సుమారు 283 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న మన ఉపగ్రహాన్నే వెళ్లి గుద్దింది. ఆ ఉపగ్రహం పేరు మైక్రోశాట్-ఆర్, బరువు 740 కిలోలు. ఆ జనవరి 24న శ్రీహరికోట నుంచి పంపించిందే. వదిలిన దగ్గర్నుంచి గుద్దేదాకా మూడు నిమిషాలు. అప్పట్లో డీఆర్‌డీవో అధిపతి సతీశ్ రెడ్డిగారు నెల్లూరు జిల్లా మనిషి. చివరి క్షణాల్లో ఉపగ్రహాన్ని చూసి దారి సర్దుకున్న పరారుణ కన్ను హైదరాబాదు రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌లో పుట్టింది. ఇంత తెలుగు సరుకున్న వార్త దొరికితే నా గొంతు ఆగుతుందా? ఆ సాయంత్రం టీ బడ్డీ దగ్గర ఉపన్యాసం ఇచ్చాను. "ఉపగ్రహం వెనక మంట ఉంటుందర్రా. ఆ మంట వేడిని పట్టుకుని మన క్షిపణి వెంటపడుతుంది" అన్నాను.

ఇంటర్ చదివే కుర్రాడొకడు బన్ను నములుతూ అడిగాడు. "మాస్టారండీ, కక్ష్యలో తిరిగేదానికి ఇంజను ఆడక్కర్లేదు కదండీ, మరి మంటెక్కడిదండీ?"

నోరు మూసుకుని ఉండాల్సింది. "సిలబస్‌లో లేని ప్రశ్నలు అడక్కు" అన్నాను. అందరూ నవ్వారు. వాణ్ణి చూసి నవ్వారనుకున్నాను.

నిజానికి వాడన్నదే సరి. ఉపగ్రహానికి మంట లేదు. ఎండ తగిలి వెచ్చబడిన ఒళ్లు ఉంది, అంతే. వెచ్చగా ఉన్న ప్రతిదీ కంటికి కనపడని పరారుణ కాంతిని వదులుతూనే ఉంటుంది. అంతరిక్షం చూస్తే సున్నాకి 270 డిగ్రీలు కింద. ఆ చలి మీద ఈ వెచ్చటి వస్తువు ఒక చుక్కలా కనపడుతుంది. 37 డిగ్రీల మనిషి ఒళ్లు 9.3 మైక్రాన్ల దగ్గర అన్నిటికంటే ఎక్కువగా ప్రసరిస్తుందని వీన్ సూత్రం కట్టి బోర్డు మీద ఏళ్ల తరబడి లెక్కలు చేయించినవాణ్ణి, అదే సూత్రం ఉపగ్రహానికీ వర్తిస్తుందన్న సంగతి బడ్డీ దగ్గర గుర్తురాలేదు. క్షిపణి అనగానే మంట గుర్తొచ్చింది. సినిమాలు ఎక్కువ చూశాను.

ఇది చిన్న తప్పు. దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. అసలుది 2021లో జరిగింది.

మా తమ్ముడి కూతురి పెళ్లి. కరోనా రెండో వేవ్ తగ్గుముఖం పట్టిందిగానీ పెళ్లికి వచ్చే జనాన్ని ఇంకా లెక్కపెట్టే రోజులు. ఎండలు మండిపోతున్నాయి. పందిట్లోకి ఎవరొచ్చినా ముందు ఉష్ణోగ్రత చూడాలన్నాను నేనే. ఆ బాధ్యత నాకే ఇమ్మన్నదీ నేనే. ఆన్‌లైన్లో నుదుటికి గురిపెట్టే తుపాకి ఒకటి తెప్పించాను. అది కూడా పరారుణ కన్నే, క్షిపణి ముక్కులో ఉండేదానికి దూరపు చుట్టం. ఆ చుట్టరికం ఇంటిల్లిపాదికీ వివరించాను. మా తమ్ముడు తలపట్టుకుని, "అన్నయ్యా, ముందు షామియానావాడికి ఫోన్ చెయ్యి" అన్నాడు.

ముందురోజు రాత్రి హైదరాబాదు నుంచి మా దూరపు బంధువొకాయన కారులో దిగాడు. దారి పొడుగునా ఏసీ. దిగీదిగగానే నుదుటి మీద పెట్టి నొక్కాను. 35.4 అంది. "భేష్, మంచులా ఉన్నావు" అని లోపలికి పంపించాను. మనిషికి 35.4 ఉంటే సంతోషించాలో కంగారుపడాలో కూడా ఆలోచించలేదు. తక్కువ చూపించింది కాబట్టి మంచిదే అనుకున్నాను.

తెల్లారి ఆ తుపాకిని స్కూటర్ డిక్కీలో పడేసి పూల కోసం వెళ్లొచ్చాను. స్కూటరు ఎండలో నిలబెట్టాను. తుపాకి అందులోనే ఉంది. పదకొండు దాటాక వియ్యాలవారు గౌతమి మీద బాలయోగి వంతెన దాటి ఎదుర్లంక వైపు నుంచి దిగారు. మేళం కోసం వాళ్లని వీధి మొగలో నిలబెట్టారు. నెత్తిన ఎండ. డిక్కీ తెరిచి తుపాకి తీసుకుని నేను ఎదురెళ్లాను.

పెళ్లికొడుకు తండ్రికి 38.6. తల్లికి 38.9. పెళ్లికొడుక్కి 39.1. వరసగా అందరికీ అంతే. చేతిలో పన్నీరు బుడ్డి పట్టుకున్న మా ఆడవాళ్లు ఆగిపోయారు. మేళం ఆగింది. "ఒకే బండిలో వచ్చారు కాబట్టి ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది" అని గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పాను. అందరికీ ఒకేలా చూపిస్తోందంటే తప్పు మనుషుల్లో కాకుండా కొలిచేదాన్లో ఉండొచ్చన్న అనుమానం ఫస్టియర్ ప్రాక్టికల్స్ చేసేవాడికైనా రావాలి. నాకు రాలేదు. పైగా ఆ ఒకేలా ఉండటాన్నే రుజువుగా చూపించాను.

పెళ్లికొడుకు మేనమామ పెద్దమనిషి. కోపం తెచ్చుకోలేదు. చేతులు కట్టుకుని, "మాస్టారండీ, ఓసారి మీ నుదురు కూడా చూసుకోండి, ఆయ్" అన్నాడు.

చూసుకున్నాను. 39.3.

ఇప్పుడు చెప్పబోయేది మా ఇంట్లో తప్ప ఇంతవరకూ ఎక్కడా చెప్పలేదు. నాకు కాళ్లు వణికాయి. ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి. నిజంగానే జ్వరం ఉందని నమ్మి, కుర్చీ తెప్పించుకుని కూర్చుని, పారాసిటమాల్ అడిగి వేసుకున్నాను. క్షణం కిందటిదాకా పందిరి రాటలు సర్దించినవాణ్ణి, నా ఒంటి మాట కంటే ఆ అంకె మాటే నిజమనుకున్నాను. దశాంశ బిందువు తర్వాత కూడా ఒక అంకె చూపిస్తోంది కదా, అంత కచ్చితంగా చెప్పేది అబద్ధం చెబుతుందా అని నా తర్కం.

మా అమ్మ వచ్చి నుదుటి మీద అరచెయ్యి వేసి, "చల్లగానే ఉన్నావు కదరా" అంది. పక్కింట్లో ఉండే రిటైర్డు నర్సమ్మ పాదరసం థర్మామీటరు తెచ్చి నా నాలిక కింద పెట్టింది. 98.4. పెళ్లికొడుక్కి కూడా చూసింది. అంతే. తర్వాత ఆవిడ నా చేతిలోని తుపాకిని తీసుకోబోయి, ఉలిక్కిపడి వదిలేసింది. "ఇదే కాలిపోతోంది మాస్టారూ. జ్వరం దీనికి" అంది.

పెళ్లి ముహూర్తానికే జరిగింది. ఏసీ కారులో వచ్చిన బంధువు మాత్రం ఆ సాయంత్రం మంచం ఎక్కాడు. 102. అంటే లేని జ్వరాలన్నీ నా తుపాకి పట్టింది, ఉన్న ఒక్క జ్వరాన్ని వదిలేసింది. పరీక్ష చేయిస్తే కరోనా కాదని తేలింది కాబట్టి ఊళ్లో తలెత్తుకు తిరుగుతున్నాను.

మా మేనల్లుడు హైదరాబాదులో పరారుణ కెమెరాలు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాడు. పెళ్లికి రాలేకపోయాడు. ఆ రాత్రి ఫోన్లో అంతా విని ఒకే ప్రశ్న వేశాడు. "మావయ్యా, దాన్ని దేనితో సరిచూశారు?"

"సరిచూడ్డం ఏంట్రా, కొత్తది. సీలు నేనే విప్పాను" అన్నాను.

అవతల చాలాసేపు నవ్వు. తర్వాత వాడు చెప్పిన సంగతులు వింటూ ఉంటే, నేను ఇన్నాళ్లూ ఆ క్షిపణి గురించి చెప్పిందంతా దాని అట్ట మీది బొమ్మ గురించేనని అర్థమైంది.

తుపాకి నుదుటి వేడిని నేరుగా కొలవదు. నుదుటికీ తన ఒంటికీ ఉన్న తేడాని కొలుస్తుంది. తన ఒళ్లెంత వేడిగా ఉందో చెప్పడానికి లోపల ఇంకో బుల్లి థర్మామీటరు ఉంటుంది. రెండూ కలిపితే నుదుటి లెక్క వస్తుంది. తుపాకి మొత్తం ఒకే వేడి మీద నిలకడగా ఉన్నప్పుడే ఈ లెక్క కుదురుతుంది. డిక్కీలో కాగి, గాలి తగిలి ఒక పక్క చల్లారి, ఇంకో పక్క వేడిగా ఉన్నదాని లెక్క ఎటైనా పోవచ్చు. దానికి తోడు ఎండలో నిలబడ్డ నుదురు నిజంగానే కాగి ఉంటుంది. ఏసీలో కూర్చున్న నుదురు లోపల జ్వరం ఉన్నా పైకి చల్లగా ఉంటుంది. అది చర్మం సంగతి, లోపలి మనిషి సంగతి కాదు. ఇదంతా తుపాకితో పాటు వచ్చిన కాగితంలో రాసే ఉంది. వాడే చోట అరగంట ఉంచి అప్పుడు కొలవమని. ఆ కాగితం చదవడం నాకు నామోషీ అనిపించింది.

క్షిపణి కన్నుకీ ఇదే బాధ, కాకపోతే కొన్ని వేల రెట్లు. అందులోని చిప్పు, దాని ముందున్న అద్దం, దాన్ని పట్టుకున్న గొట్టం అన్నీ వెచ్చనివే, అన్నీ పరారుణాన్ని వదిలేవే. ఎక్కడో దూరాన ఉన్న చుక్కని చూడాల్సిన కన్ను ముందు తన ఇంటి గోడల వెలుగులోనే మునిగిపోతుంది. అందుకే చాలా రకాల చిప్పుల్ని ద్రవ నైట్రోజన్ మరిగే 77 కెల్విన్ల దాకా, అంటే సున్నాకి 196 డిగ్రీలు కిందికి, చల్లబరుస్తారు. చుట్టూ చల్లటి తొడుగు పెడతారు. గాల్లో దూసుకుపోతున్నప్పుడు రాపిడికి ముందరి కిటికీ కూడా కాగుతుంది. కాగిన కిటికీలోంచి చూడటం నేను ఎండలో చేసిన పనే.

చల్లబరిచినంత మాత్రాన సరిపోదు. ఆ చిప్పు మీద వేల కొద్దీ, కొన్నిటిలో లక్షల కొద్దీ, చిన్న చిన్న గడులుంటాయి. అన్నీ ఒకే చోట, ఒకే రోజు తయారైనవే. అయినా ఒకే వేడి చూపిస్తే ఒక్కో గడి ఒక్కో అంకె చెబుతుంది. పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దేవాళ్లలో ఒకాయన ఊరికే మార్కులేస్తాడు, ఇంకొకాయన పిసినారి. ఎవరి చేయి ఎంత తెలియకుండా మార్కులు పోల్చితే అన్యాయం. అందుకని ముందు అందరికీ ఒకే పేపరు ఇచ్చి దిద్దించి చూస్తారు. చిప్పుకీ అంతే. ఎంత వేడి ఉందో ముందే కచ్చితంగా తెలిసిన ఒక నల్లటి పలకని ముందు పెడతారు. మేము కృష్ణ వస్తువు అని పాఠం చెప్పేదానికి ఇది దగ్గరి నకలు. మొదట ఒక వేడి దగ్గర, తర్వాత ఇంకో వేడి దగ్గర ప్రతి గడీ ఏం చెప్పిందో రాసుకుంటారు. ఆ రెండు బిందువుల్ని బట్టి ఏ గడికి ఎంత కలపాలో, ఎంతతో హెచ్చవేయాలో తేలుతుంది. ఎటూ దారికి రాని మొండి గడులు కొన్ని ఉంటాయి. వాటి నోరు మూసేసి పక్క గడుల సగటుని వాటి స్థానంలో పెడతారు.

"ఎందుకింత పట్టుదల అనుకుంటున్నారా మావయ్యా" అన్నాడు వాడు. "అంతరిక్షంలో శత్రువు మొదట ఒకటి రెండు గడుల మేరే కనపడతాడు. పాడైన గడి కూడా సరిగ్గా అలాగే కనపడుతుంది."

ఆ వాక్యం దగ్గర నాకు పెళ్లికొడుకు తండ్రి మొహం గుర్తొచ్చింది.

2017 ఫిబ్రవరి 11న మనవాళ్లు బంగాళాఖాతం మీద ఎదురొస్తున్న క్షిపణిని వంద కిలోమీటర్లకి కాస్త ఇవతలి ఎత్తున అడ్డుకున్నారని పేపర్లో చదివి అప్పుడు కూడా బడ్డీ దగ్గర ఉపన్యాసం ఇచ్చినవాణ్ణే. అడ్డుకునే క్షిపణీ, వచ్చే క్షిపణీ సెకనుకి కిలోమీటర్ల లెక్కన ఒకదాని మీదికొకటి వస్తుంటే, గడి తప్పు చెప్పిందని కనిపెట్టి దిద్దుకునే వ్యవధి ఉండదు. దిద్దేదంతా నేల మీదే, ముందే జరిగిపోవాలి. అందుకోసం గాలి తీసేసి, గోడల్ని ద్రవ నైట్రోజన్‌తోనో అంతకంటే చల్లటి వాయువుతోనో చల్లబరిచిన పెద్ద గదులు కడతారు. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని ఆర్నాల్డ్ కేంద్రంలో అలాంటివి ఉన్నాయి. లోపల ఒక మూల చిన్న రంధ్రం వెనక తెలిసిన వేడి పెట్టి, అద్దాలతో దాన్ని దూరపు నక్షత్రంలా చూపిస్తారు. మరి ఆ గది చూపించే నక్షత్రం సరైనదని ఎవరు చెప్పాలి? దానికి అక్కడి ప్రమాణాల సంస్థ నిస్ట్ వాళ్లు ద్రవ హీలియం చలిలో పనిచేసే కొలమానం తయారుచేసుకుని, దాంతో సరిచూసిన ఇంకో పరికరాన్ని ఆ గదుల దగ్గరికే మోసుకెళ్లి పోల్చి చూస్తారు. కొలిచేదాన్ని కొలిచేది, మళ్లీ దాన్ని కొలిచేది. నేను సీలు విప్పి నేరుగా వియ్యంకుడి నుదుటి మీద పెట్టాను.

పరారుణాన్ని మొదట కనిపెట్టిన విలియం హెర్షెల్ కూడా 1800లో ఈ జాగ్రత్త పడ్డాడు. పట్టకం విడదీసిన ఎండలో ఎరుపుకి అవతల థర్మామీటరు పెట్టి వేడి ఎక్కడం చూశాడని క్లాసులో చెప్పేవాణ్ణి. ఆ పక్కనే, రంగులేవీ పడని చోట, గది వేడి తెలియడానికి వేరే థర్మామీటర్లు కూడా పెట్టుకున్నాడు. ఆ ముక్క ఎప్పుడూ చెప్పలేదు. పరీక్షలో రాదని.

మూర్ఖత్వంలో నాకు తోడు దొరుకుతారేమోనని తర్వాత వెతికాను. దొరికింది మనిషి కాదు, యంత్రం. 1983 సెప్టెంబరు 26, అర్ధరాత్రి దాటాక, మాస్కో దగ్గర సెర్పుఖోవ్-15 అనే స్థావరంలో సోవియట్ ఉపగ్రహాల హెచ్చరిక మోగింది. క్షిపణుల మంట వేడిని పైనుంచి కనిపెట్టే ఉపగ్రహాలవి. అమెరికా నుంచి ముందు ఒకటి, తర్వాత ఇంకో నాలుగు లేచాయన్నాయి. అక్కడ కూర్చున్న లెఫ్టినెంట్ కర్నల్ స్తానిస్లావ్ పెత్రోవ్ అది తప్పుడు హెచ్చరిక అని పైవాళ్లకి చెప్పాడు. యుద్ధం మొదలెట్టేవాళ్లు అయిదింటితో మొదలెట్టరన్నది ఆయన తర్కం. ఎత్తయిన మబ్బుల మీద పడ్డ ఎండ తళుకుని ఉపగ్రహం మంటగా పొరబడిందని తర్వాత తేలింది. ఆ కుర్చీలో నేనుంటే? వియ్యాలవారందరికీ ఒకేసారి 39 చూపిస్తే నమ్మినవాణ్ణి, అయిదు చూపిస్తే నమ్మనా?

మన నాగ్ క్షిపణి సంగతి కూడా చదివాను. ట్యాంకు వేడిని చూసి దాని మీద పడే క్షిపణి అది. 2012 ప్రాంతంలో రాజస్థాన్ ఎడారి ఎండల్లో ఇబ్బంది పెట్టిందని పత్రికలు రాశాయి. మిట్టమధ్యాహ్నం ఇసుకా, ట్యాంకూ ఒకే వేడి మీద ఉంటే కన్నుకి తేడా దొరకదు. కన్ను మెరుగుపరిచారు. 2019 జులైలో పోఖ్రాన్‌లో పగలూ రాత్రీ పరీక్షించారు, 2020 అక్టోబరు 22న తుది పరీక్ష కూడా అయింది. తప్పు చూపించిందని ఎనిమిదేళ్లు కూర్చుని దిద్దినవాళ్లు వాళ్లు. నేను ఆ తుపాకిని మర్నాడే అలమరలో దాచేశాను.

అక్కడితో ఆగితే బాగుండేది. మేనల్లుడి పాఠం విన్నాక నాకు మళ్లీ ధైర్యం వచ్చింది. ఈసారి కార్ఖానాల్లో వాడే రకం తుపాకి కొన్నాను, మరిగే నీళ్లదాకా ఏదైనా కొలుస్తుంది. తెలిసిన వేడితో సరిచూడాలి కదా. నీళ్లు వందకి మరుగుతాయి. స్టీలు గిన్నెలో నీళ్లు మరగబెట్టి, గిన్నె పక్కకి గురిపెట్టాను. 46 అంది. స్టవ్ కట్టేసి మళ్లీ చూశాను. ఇంచుమించు అంతే. "చూశావా, మనకి మరుగుతున్నట్టు కనపడుతుంది గానీ గిన్నె పెద్దగా కాగలేదు" అని మా ఆవిడకి చెప్పి, నిరూపించడానికి గిన్నె అంచు పట్టుకున్నాను.

రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. మా ఆవిడ చెయ్యి కుళాయి కింద పెట్టి, "మీకు ఆ తుపాకి కంటే ఎవరూ ఎక్కువ కాదు కదా" అంది.

తళతళలాడే స్టీలు తన వేడిని చాలా తక్కువగా ప్రసరిస్తుంది. అద్దంలా ఎదుటివాటి వేడినే తిప్పి చూపిస్తుంది. గిన్నెకి గురిపెట్టి నేను చాలావరకు వంటింటి గోడని కొలిచాను. బాగా పీల్చుకునేదే బాగా ప్రసరిస్తుంది, మెరిసేది ప్రసరించదు. ఇది కిర్కాఫ్ సూత్రం, ఆరు మార్కుల ప్రశ్న, ఏటా ఇచ్చేవాణ్ణి. అదే గిన్నె అడుగున మసి పట్టిన చోట గురిపెడితే 90 దాటింది. ఈ సూత్రం తెలియని మా అమ్మ, మెరిసే గిన్నె కనపడితే పాత గుడ్డ లేకుండా ముట్టుకోదు.

ఆ రెండో తుపాకి ఇప్పుడు వంటింట్లో ఉంది. నల్లటి ఇనప పెనం మీద చక్కగా చెబుతుంది. మా ఆవిడకి అది అక్కర్లేదు, నీళ్లు చిలకరించి చూసుకుంటుంది. మొదటిదాన్ని అడిగినవాళ్లకి ఇచ్చేద్దామనుకున్నాను. ఎవరూ అడగలేదు. వియ్యాలవారింట్లో నా పేరు ఇప్పటికీ "జ్వరాల మాస్టారు". మొన్న మనవడి బారసాలకి వెళ్తే గుమ్మంలోనే పెళ్లికొడుకు మేనమామ నుదురు ముందుకు వంచి నిలబడ్డాడు.

అలాంటి తుపాకి మీ ఇంట్లో ఇంకా ఉంటే నాదొక విన్నపం. ఎండన పడి వచ్చినవాళ్లకి ముందు నీడలో కుర్చీ వేసి మజ్జిగ ఇవ్వండి. తుపాకిని కూడా వాళ్ల పక్కనే అరగంట ఉంచండి. ముందుగా జ్వరం లేదని పాదరసం థర్మామీటరు చెప్పిన మనిషి మీద దాన్ని పెట్టి చూసి, ఆ తర్వాత మిగతావాళ్ల జోలికి వెళ్లండి. ఆ మొదటి మనిషిగా మాత్రం నన్ను పిలవకండి. అంకె చూడగానే నేను పారాసిటమాల్ వేసేసుకుంటాను.